ఫ్రీడమ్ అంతరిక్ష కేంద్రం: డిజైన్ పనిని నాలుగు చోట్ల పంచడమే దెబ్బతీసిందా?

ప్రశ్న

నమస్కారం. 1984 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించిన అంతరిక్ష కేంద్రానికి తరవాత ఫ్రీడమ్ అని పేరు పెట్టారు. దాని డిజైన్‌ను నాసా నాలుగు వర్క్ ప్యాకేజీలుగా విడదీసి, మనుషులు ఉండే మాడ్యూళ్లను (గదుల్లాంటి భాగాలను) హంట్స్‌విల్‌లోని మార్షల్ కేంద్రానికి, అన్నిటినీ మోసే వెన్నెముక లాంటి చట్రమైన ట్రస్సునూ, బయటి శూన్యంలోకి వెళ్లే గది అయిన ఎయిర్‌లాక్‌నూ హ్యూస్టన్‌లోని జాన్సన్‌కు, విడిగా తిరిగే ప్లాట్‌ఫారాలనూ సర్వీసింగ్ రోబోనూ గొడార్డ్‌కు, విద్యుత్తును క్లీవ్‌లండ్‌లోని లూయిస్‌కు అప్పగించింది. 1993లో ఈ ఏర్పాటును ఎత్తివేసి, జాన్సన్‌కు సారథ్యమిచ్చి, బోయింగ్‌ను ఏకైక ప్రధాన కాంట్రాక్టరుగా నియమించారు. ఎవరికి చేతనైన పని వారికివ్వడం సబబే కదా, మరి ఎక్కడ బెడిసికొట్టింది? మన అంతరిక్ష స్టేషన్ పని కూడా పలు ఇస్రో కేంద్రాల మధ్య సాగవలసిందే కాబట్టి అడుగుతున్నాను.

సమాధానం 1

పంచడంలో తప్పు లేదండీ. పంచిన భాగాలు కలిసే చోట తుది మాట ఎవరిదో తేల్చకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం. మాడ్యూళ్లను కలిపే నోడ్‌నే చూడండి: దాని లోహపు గుల్ల మార్షల్ బాధ్యత, లోపల అమర్చే పరికరాలు జాన్సన్ బాధ్యత. అంటే ఒకే గదిలో గోడ ఒకరిది, గోడకు బిగించే సామాను మరొకరిది. ఛాలెంజర్ అంతరిక్ష షటిల్ ప్రమాదం తరవాత సమన్వయ బాధ్యతను జాన్సన్ నుంచి తప్పించి వర్జీనియాలోని రెస్టన్ కార్యాలయానికి ఇచ్చారు గానీ, కాంట్రాక్టులూ వాటిని నడిపే ఇంజనీర్లూ కేంద్రాల చేతిలోనే ఉండిపోయారు. జవాబుదారీ ఒకచోట, అధికారం మరొకచోట ఉన్నప్పుడు ఏ తగాదా అయినా తెగడానికి నెలలు పడుతుంది.

సమాధానం 2

విద్యుత్తు వైపు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఈ సమస్య ఏ ఒక్క ప్యాకేజీలోనూ ఇమడదు. తీగల బరువు తగ్గాలంటే వోల్టేజీ ఎక్కువ ఉండాలి కాబట్టి సౌర ఫలకాలను 160 వోల్టులకు రూపొందించి, వాటి ఋణ ధ్రువాన్ని కేంద్రం దేహానికి కలిపారు. విద్యుత్ వ్యవస్థ వరకే చూస్తే ఇది చక్కని నిర్ణయం. అయితే కేంద్రం తిరిగే ఎత్తులో చుట్టూ ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న కణాల పలుచని వాయువు, ఉంటుంది; ఫలకాలు అందులోని ఎలక్ట్రాన్లను లాగేకొద్దీ లోహ దేహమంతా ప్లాస్మాతో పోలిస్తే వంద వోల్టులకు పైగా ఋణంలోకి జారగలదు. అప్పుడు ఉష్ణోగ్రతను అదుపులో ఉంచేందుకు అల్యూమినియంపై వేసిన పలుచని ఆక్సైడు పొరను చీల్చుకుంటూ మెరుపులు పుట్టే ప్రమాదం ఉంది. ఫలకాలు లూయిస్‌వి, ట్రస్సు జాన్సన్‌ది, ప్లాస్మా ఎవరిదీ కాదు. చివరికి, దేహంలో పేరుకునే ఆ ఋణావేశాన్ని బయటికి వదిలేసే, జెనాన్ వాయువుతో పనిచేసే ప్లాస్మా కాంటాక్టర్లనే పరికరాలను లూయిస్ కేంద్రమే అభివృద్ధి చేసింది; అవి 2000 అక్టోబరులో, పెద్ద సౌర ఫలకాలు చేరడానికి ముందే, ఫ్రీడమ్‌కు వారసురాలైన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాయి.

సమాధానం 3

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. పని పలు రాష్ట్రాలకు విస్తరించడం వల్ల అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో మద్దతు కూడా విస్తరించింది. 1993 జూన్‌లో ప్రతినిధుల సభలో ఈ కార్యక్రమం 216–215తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. ఇంజనీరింగుకు భారమైన పంపకమే రాజకీయంగా ఊపిరి నిలిపిందని నాకనిపిస్తుంది.

మన సంగతికి వస్తే, 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మన స్టేషన్ మొదటి మాడ్యూలుకు ఆమోదం తెలిపింది, లక్ష్యం 2028. రాకెట్ల అనుభవం తిరువనంతపురానిది, ఉపగ్రహాలది బెంగళూరుది, ప్రయోగాలది శ్రీహరికోటది. ఆ హద్దులను చెరపనవసరం లేదు. బెంగళూరులోని మానవ అంతరిక్షయాన కేంద్రానికి మాత్రం బరువు, విద్యుత్తు, వేడి లెక్కలను ఏ కేంద్రం మీరినా ఆ డిజైన్‌ను వెనక్కి పంపే అధికారమూ, అందుకు తగిన నిధులూ మొదటి రోజు నుంచే ఉండాలి.