నాటక పరిషత్తు కార్యవర్గంలోకి రమ్మంటున్నారు: ఒప్పుకునే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (ముందు వరుస ప్రేక్షకురాలు)

డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలిగా పదవీ విరమణ చేసి, గుంటూరుకు దగ్గరలోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాను. ఏటా ఉగాదికి ముందు మూడు రాత్రులు ఆహ్వాన నాటిక పోటీలు నడిపే ఇక్కడి పరిషత్తువారు, ఎప్పుడూ ముందు వరుసలో కూర్చుని చివరి నాటిక దాకా చూసే మనిషినన్న అభిమానంతో కాబోలు, ఈసారి కార్యవర్గంలోకి రమ్మని, అదీ కోశాధికారిగా ఉండమని అడుగుతున్నారు. "మీరు సంతకాలు పెడితే చాలు మేడం, మిగతాదంతా మేం చూసుకుంటాం" అని కార్యదర్శిగారు భరోసా ఇచ్చారు. నిజం చెప్పాలంటే, ఆ మాట విన్న తరవాతే నాకు భయం పట్టుకుంది.

నాటకం గురించి నాకు కొద్దో గొప్పో తెలుసు గాని జమాఖర్చుల గురించి తెలియదు. ఒప్పుకునే ముందు ఏయే కాగితాలు అడిగి చూడాలి? కార్యవర్గంలో ఇద్దరికి సొంత నాటక సమాజాలున్నాయి, వారి నాటికలు కూడా పోటీకి వస్తుంటాయి, ఇది సబబేనా? అమెరికాలో స్థిరపడిన మా ఊరివారొకరు ఈ ఏడాది బహుమతుల ఖర్చంతా తామే పెట్టుకుంటామంటున్నారు. అందులో చిక్కులేమైనా ఉంటాయా? అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

సమాధానం (జమాఖర్చుల మనిషి)

మేడం, మీ భయం సహేతుకమైనదే. ఇలాంటి సంఘాల లెక్కలు తనిఖీ చేయడం నా వృత్తి కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట అడగవలసినవి రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, తీర్మానాల పుస్తకం. మన దగ్గర ఇటువంటి పరిషత్తులు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తాయి; అంతకుముందు 1860 నాటి చట్టం కింద నమోదైన పాత సంఘాలకూ ఇప్పుడు ఇదే వర్తిస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులతో సంఘం పుడుతుంది గాని, దాన్ని బతికించి ఉంచేది ఏటా జరిగే సర్వసభ్య సమావేశం, ఆ సమావేశం జరిగిన పదిహేను రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు పంపవలసిన కార్యవర్గ సభ్యుల జాబితా. ఈ జాబితా పంపడం చిన్న సంఘాలు తరచు మరిచిపోతాయి. అంతా సఖ్యంగా ఉన్నంత కాలం దాని ఊసెవరూ ఎత్తరు. రేపు ఇద్దరు "నేనే కార్యదర్శిని" అంటూ బ్యాంకుకు వెళ్లిన రోజున మాత్రం, రిజిస్ట్రారు దగ్గరున్న ఆఖరి జాబితాలో పదేళ్ల కిందటి పేర్లు, వారిలో కాలం చేసినవారి పేర్లతో సహా, బయటపడతాయి. బ్యాంకువారు ఖాతా నిలిపేస్తారు, వివాదం కోర్టుకెక్కుతుంది. కనుక కిందటి మూడేళ్ల జాబితాలు దాఖలు చేసిన రుజువు చూపించమనండి.

రెండోది ఆదాయపు పన్ను. అందరూ 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది), 80జి (విరాళమిచ్చిన దాతకు పన్ను మినహాయింపు ఇచ్చేది) అని పిలుచుకునే నమోదులు ఒకప్పుడు ఒకసారి తీసుకుంటే శాశ్వతంగా ఉండేవి. 2021 ఏప్రిల్ నుంచి వాటికి గడువు పెట్టారు. గడువు తీరకముందే మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. రసీదు పుస్తకం మీద "80జి మినహాయింపు కలదు" అని అచ్చయి ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ పుస్తకం ఎప్పుడో అచ్చు వేయించినది కావచ్చు. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు. మినహాయింపు వర్తించే విరాళాలకు దాతల వివరాలను ఏటా మే 31 లోగా పన్ను శాఖకు సమర్పించి, వారికి ధ్రువపత్రం ఇవ్వాలి. సావనీరులో ప్రకటన వేయించుకున్న బట్టల కొట్టు యజమాని ఇచ్చింది విరాళం కాదు, ప్రకటన రుసుము. దానికి 80జి రసీదు కోసేయడం మన సంఘాల్లో పరిపాటి అయిపోయింది, మీరు మాత్రం ఆ పని చేయకండి. ఏడాది ఆదాయంలో ఎనభై అయిదు శాతం సంఘం ఆశయాలకే ఖర్చు కావాలన్న నియమం కూడా ఉంది గాని, వచ్చిన డబ్బంతా మూడు రాత్రుల్లో ఖర్చయిపోయే మీ పరిషత్తుకు దానితో పేచీ ఉండదనుకుంటాను.

కార్యవర్గ సభ్యులకు గాని, వారి దగ్గరి బంధువులకు గాని సంఘం సొమ్ము అనుచితంగా ముట్టిందని తేలితే పన్ను మినహాయింపుకే ముప్పు. షామియానా, మైకుసెట్టు అధ్యక్షులవారి బావమరిది దగ్గర తీసుకోవచ్చు, తప్పులేదు. మరో ఇద్దరి దగ్గర ధరలు అడిగి, ఆ కాగితాలను బిల్లుకు జతచేసి ఉంచాలి.

సమాధానం (తెర వెనక మనిషి)

లెక్కల సంగతి పైవారు చెప్పారు కనుక నేను పోటీల సంగతికి వస్తాను. సురభి వనారస గోవిందరావుగారి పూనికతో 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన గడ్డ మనది. పరిషత్తు పేరు చెబితే ఈ ప్రాంతంలో ఎవరో ఒకరు చందా ఇస్తారు. ఆ పేరు పోగొట్టుకోవడానికి ఒక్క పక్షపాతపు తీర్పు చాలు.

సొంత సమాజం ఉన్నవారు కార్యవర్గంలో ఉండకూడదంటే మన ఊళ్లలో పరిషత్తులే నడవవు, ఎందుకంటే నాటకం కోసం రాత్రింబవళ్లు తిరిగేది వాళ్లే. కాని వారి నాటిక పోటీలో ఉన్న ఏడాది, రచనల ప్రాథమిక పరిశీలనలోనూ, న్యాయనిర్ణేతల ఎంపికలోనూ వారు కూర్చోకూడదు. కూర్చోలేదన్న సంగతి తీర్మానాల పుస్తకంలో రాయాలి. ఇంకా మంచి పద్ధతి, వారి నాటికను పోటీలో లేని ప్రత్యేక ప్రదర్శనగా వేయించడం. న్యాయనిర్ణేతలు ఏ రాత్రి మార్కుల కాగితాలను ఆ రాత్రే కవరులో పెట్టి అతికించి, పైన సంతకాలు చేసి కోశాధికారికి అప్పగించే ఏర్పాటు చేయించండి. ముగింపు రోజున వేదిక మీదే కవర్లు తెరిస్తే సగం గొడవలు పుట్టవు.

మీరు కోశాధికారి అయితే నా అభ్యర్థన ఒకటి ఉంది. బడ్జెట్ వేసేటప్పుడు మొదటి పద్దుగా కళాకారుల ప్రదర్శన పారితోషికం, రాకపోకల ఖర్చు, భోజన వసతి రాయండి. ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు ఆ తరవాత. నేను చూసిన చాలా చోట్ల ఇది తలకిందులుగా ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు మొదలు కావలసిన నాటిక, సన్మానాలు ముగిసి మొదలయ్యేసరికి తొమ్మిదవుతుంది, మూడో నాటిక పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పుడు విజయవాడ నుంచి వచ్చిన నటి సగం మేకప్ తుడుచుకుని, తెల్లవారితే ఇంకో ఊళ్లో ప్రదర్శన ఉందని సంచి సర్దుకుంటూ డబ్బు కోసం కార్యదర్శిని వెతుక్కుంటూ ఉంటుంది. ఆయన ముఖ్య అతిథిని కారెక్కించడానికి వెళ్లి ఉంటారు. తెర పడగానే సమాజం నిర్వాహకుడి చేతికి చెక్కు గాని, అక్కడికక్కడే బ్యాంకు ఖాతాకు బదిలీ గాని చేరేటట్టు మీరు చూడగలిగితే, ఆ ఒక్క కారణంతోనే మంచి సమాజాలు మళ్లీ మీ ఊరికి వస్తాయి.

రచయిత అనుమతి పత్రం లేని నాటికను తీసుకోవద్దని కూడా గట్టిగా చెప్పండి. టికెట్టు లేకుండా ఔత్సాహిక సమాజాలు వేసే ప్రదర్శనలకు కాపీరైటు చట్టంలో కొంత వెసులుబాటు ఉన్నా, రచయితను అడగడం మర్యాద.

సమాధానం (న్యూజెర్సీ తెలుగు)

మా సంఘాల్లో ఈ చర్చ తరచు వస్తుంది కనుక అమెరికా విరాళం వరకు చెబుతాను. ముందుగా ఆ దాతగారిని అడగవలసింది, వారి పాస్‌పోర్టు ఏ దేశానిదని. ఇప్పటికీ భారత పౌరులే అయితే, తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా మామూలు పద్ధతిలో పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఇండియాకు వచ్చినప్పుడు రూపాయల్లో ఇచ్చినా అంతే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. పైగా ఆ డబ్బు మొదట ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. "మా తమ్ముడి ఖాతాకు పంపిస్తాను, వాడు తన పేరున ఇస్తాడు" అనే ఉపాయాన్ని మీ వాళ్లు ఎవరో ఒకరు తప్పక సూచిస్తారు. దానికి మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. దాతగారు అమెరికా పౌరులేనని తెలిసింది, కనుక ఆ మాట ప్రస్తుతానికి వదిలేశాము. కాగితాలు అడిగితే కార్యదర్శిగారు కొంత నొచ్చుకున్నారు గాని తెచ్చి ఇచ్చారు. నియమావళిలో బ్యాంకు ఖాతా నిర్వహణ కార్యదర్శి ఒక్కరిదేనని ఉంది. అలాంటప్పుడు కోశాధికారిగా నా సంతకానికి విలువేమిటి?

సమాధానం (జమాఖర్చుల మనిషి)

ఇప్పుడున్న నియమం ప్రకారం విలువ లేదు, కాని లెక్క తప్పితే జవాబు చెప్పవలసినవారిలో మీ పేరూ ఉంటుంది. అందుచేత చేరడానికి ముందే షరతుగా అడగండి: సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానంతో ఆ నియమాన్ని సవరించి, కార్యదర్శి, కోశాధికారి ఉమ్మడి సంతకాలతోనే ఖాతా నడిచేటట్టు చేసి, సవరణను రిజిస్ట్రారుకు దాఖలు చేయించాలి. కార్యదర్శిగారి నిజాయితీని శంకిస్తున్నట్టు కాకుండా, ఆయన మీద కూడా రేపు మాట రాకుండా ఉండడానికని చెబితే సాధారణంగా ఒప్పుకుంటారు. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు చేసి ఇవ్వకండి, పోటీల హడావుడిలో ఎంత బతిమాలినా సరే. చిల్లర ఖర్చులకు ఒక మొత్తం ముందుగా ఇచ్చి, వోచర్లు వచ్చాకే మళ్లీ ఇవ్వండి. బాధ్యత తీసుకునే రోజున ఖాతా నిల్వను బ్యాంకు పత్రంతో, చేతిలో ఉన్న నగదును లెక్కపెట్టి, కోయని రసీదు పుస్తకాలను వరస సంఖ్యలతో అప్పగింత పత్రంలో రాయించుకుని, పాత కోశాధికారి సంతకం తీసుకోండి.