యజమానికీ బానిసకీ మధ్య "ప్రేమకథ": మీరెలా చదువుతున్నారు?

మల్లెపందిరి:
హిస్టారికల్ రొమాన్సులంటే నాకు పిచ్చి, ఇక్కడ చాలామందికి తెలుసు. ఈమధ్య ఒకటి చదివా. 1850 ప్రాంతపు అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, పొగాకు తోట, తోట యజమాని హీరో, ఆ ఇంట్లో పనిచేసే బానిస పిల్ల హీరోయిన్. హీరో కొరడా ముట్టడు, దొంగచాటుగా ఆమెకు చదువు కూడా చెప్తాడు, మంచివాడే పాపం. మొదటిసారి చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమె వద్దంటుంది, రెండు పేజీలు తిప్పేసరికి ఆ వద్దు కాస్తా సిగ్గయిపోతుంది. చివర్లో విడుదల పత్రం చేతిలో పెట్టి పెళ్లి చేసుకుంటాడు. చదువుతున్నంతసేపూ ఏదో ఇబ్బంది. మా కజిన్‌తో అంటే "కథే కదా, అంత తవ్వడం ఎందుకే" అంది. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

శీను_సికింద్రాబాద్:
అతి ఏం కాదండీ, మెలికంతా ఆ "వద్దు" దగ్గరే ఉంది. వద్దన్నాక ఆమె ఎక్కడికి పోతుంది? తండ్రి ఎవరైనా సరే, తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని వర్జీనియాలో 1662లోనే చట్టం చేశారు. అంటే యజమానికి పుట్టిన పిల్లలు యజమాని ఆస్తి చిట్టాలోకే ఎక్కుతారు. మిస్సోరీలో సీలియా అని ఒక అమ్మాయి, కొనుక్కొచ్చేనాటికి 14 ఏళ్లు ఉంటాయేమో. ఏళ్ల తరబడి తనను చెరిచిన యజమానిని 1855లో కర్రతో కొట్టి చంపింది. ఏ స్త్రీనైనా బలవంతం చేయడం నేరమని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉందిగా అని ఆమె లాయర్లు వాదించారు. జడ్జి ఆ వాదనను జ్యూరీ ముందుకే రానివ్వలేదు, ఉరి తీశారు. ఇక పెళ్లంటారా, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పెళ్లాడకూడదన్న నిషేధాన్ని 1967లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా వర్జీనియా వదల్లేదు. మీ హీరో ఏ గుళ్లో తాళి కట్టాడో మరి!

కృష్ణాతీరం:
బాగుంది కానీ, ఇలా లెక్కేస్తే ఆ ఆడవాళ్లంతా వట్టి బాధితులే, వాళ్లకంటూ మనసూ తెలివీ లేనట్టే కదా. అదీ అవమానమే.

అత్తిలి_అమ్మాయి:
కృష్ణాతీరం గారూ, తెలివి చూడాలంటే బానిసగా పుట్టిన హ్యారియెట్ జేకబ్స్ ఆత్మకథ చదవండి, 1861లో వచ్చింది. నార్త్ కరోలినాలో యజమాని వెంటపడి వేధిస్తుంటే, వాడి నుంచి తప్పించుకోవడానికి ఈమె ఇంకో తెల్లాయనతో సంబంధం పెట్టుకుంది. ఆయన మీద కాస్త మమకారం ఉందనే రాసింది, వేసుకున్న లెక్కా దాచలేదు: యజమాని ఒళ్లు మండి తనను అమ్మేస్తే ఈయన కొంటాడు, పిల్లలకు విడుదల దొరుకుతుంది అని. ఆయన పిల్లల్ని కొన్నాడు గానీ విడుదల చేస్తానన్న మాట అలాగే ఉండిపోయింది. ఈలోపు ఆమె అమ్మమ్మ ఇంటి పైకప్పు కింద, 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, బాగా ఎత్తున్న చోట 3 అడుగులు ఉన్న సందులో దాదాపు 7 ఏళ్లు దాక్కుంది. చెక్కకు బెజ్జాలు పెట్టుకుని అందులోంచి పిల్లల్ని చూసుకునేది. మనసూ తెలివీ ఉన్నాయి కాబట్టే ఇంత పడింది. మన నవల్లో పిల్లకి ఇవేవీ ఇవ్వలేదు, బుగ్గలు ఎర్రబడటం తప్ప.

అన్నట్టు ఈ నవలల్లో యజమాని భార్య ఉంటే గయ్యాళి, లేకపోతే దేవత. జేకబ్స్ యజమాని భార్య అయితే రాత్రిపూట వచ్చి జేకబ్స్ మంచం మీదకి వంగి, మొగుడు మాట్లాడుతున్నట్టు చెవిలో గుసగుసలాడి, ఏం బదులిస్తుందోనని కాచుకునేది. మొగుణ్ని నిలదీసే దారిలేదు, అక్కసంతా పిల్ల మీదే.

ఓరుగల్లు_పిల్ల:
గంత దూరమెందుకు, మన తెలంగాణ దొరల గడీలల్ల దొరబిడ్డ పెళ్లయితే ఆడబాపల్ని, అంటే ఇంట్ల బానిస పిల్లల్ని, అరణం (పెళ్లి కానుక) కింద వెంట పంపెటోళ్లు, దొరలు వాళ్లను ఉంచుకునెటోళ్లు. దాన్ని ఎవరన్నా ప్రేమకథ అని రాస్తే మనూళ్ల ముసలమ్మలు ఊకుంటరా?

మల్లెపందిరి:
అందరికీ థాంక్స్. జేకబ్స్ పుస్తకం ఉచితంగానే దొరికింది, మొదలుపెట్టా. నా నవలకి ఇంకో భాగం ఉందట, అందులో హీరో తమ్ముడూ, వంటింట్లో బానిస పిల్లా. నాకొద్దు బాబోయ్.