గ్రీకు నాణేల మీద ఆడవాళ్ల తల సింగారం: నేను కొన్నది అసలుదేనా?

చార్‌కమాన్ కుర్రాడు:
అన్నలూ అక్కలూ, కొంచెం హెల్ప్ కావాలి. మాది చార్‌కమాన్ దగ్గర, నాన్న వెండి పని చేస్తారు, పాపిడి బిళ్లలూ జడబిళ్లలూ చూస్తూనే పెరిగా, అందుకేనేమో ఫొటోల్లో గ్రీకు నాణేల మీద ఆ కొప్పులూ తలపట్టీలూ చూసినప్పట్నుంచీ వేరే నాణేలు చూడబుద్ధి కావట్లేదు. మొన్న ఓ సంతలో ఒకటి దొరికింది. జుట్టులో ఏవో ఆకులు, మొహం చుట్టూ నాలుగు డాల్ఫిన్లు, వెనక నాలుగు గుర్రాల రథం. 4,000 చెప్పాడు, బేరమాడి 1,500కి తెచ్చా. కాటా మీద పెడితే 29 గ్రాములు. ఒరిజినలేనా? నాన్నకి ఇంకా చూపించలేదు, తిడతారని.

పాత పైసలు:
తమ్ముడూ, ముందు నాన్నగారికే చూపించు. నీ దగ్గరున్నది సిసిలీలోని సిరక్యూస్ ఊరి పది డ్రాక్మాల నాణెం బొమ్మ (డ్రాక్మా అంటే పాత గ్రీకు వెండి నాణెం), ఆ అమ్మాయి అరెతూసా అనే ఊట దేవత, తల్లో ఉన్నవి రెల్లు ఆకులు, యువైనెటోస్ అనే చెక్కడం పనివాడి డిజైన్. అసలుది 43 గ్రాముల దాకా తూగాలి, 29 అంటే అక్కడే అయిపోయింది. అంచు చూడు, చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటే అచ్చులో పోసిందే, అసలువి సుత్తితో కొట్టినవి. ఇంకోటి, నాణేన్ని దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి తూచు, మామూలు బరువుని, నీళ్లలో ఎంత తగ్గిందో ఆ తేడాతో భాగిస్తే వెండికి పదిన్నర దగ్గర రావాలి.

జడగంటలు:
పోతే పోయింది 1,500, టేస్ట్ మాత్రం మంచిది 😄 నాకూ ఇదే పిచ్చి. నుదుటి మీద పట్టీ ఆంపిక్స్, మన పాపిడి బిళ్లకి దూరపు చుట్టం అనుకో. జుట్టుని వెనక నుంచి ఎత్తిపట్టేది స్ఫెండోనె, అంటే వడిసెల, ఆకారం అచ్చం అదే. మొత్తం జుట్టు సంచిలో దూర్చేస్తే సాక్కోస్. కిమోన్ అనే ఆయనైతే ఎదురుమొహం అరెతూసాని చెక్కి ఆ నుదుటి పట్టీ మీదే తన పేరు పెట్టుకున్నాడు, ఎంత పొగరో చూడు! దాన్ని చూసే లారిస్సా ఊరివాళ్లు కూడా తమ నాణేల మీద ఎదురుమొహం వేశారంటారు. ఈజిప్టు రాణి రెండో అర్సినోయె బంగారు నాణెం మీద కిరీటం, దాని మీంచి వెనక్కి జారిన మేలిముసుగు, పెళ్లికూతురి కొంగులా ఉంటుంది. అవన్నీ మనం ఫొటోల్లో చూసుకోవడమే. కొనాలంటే హిస్టియాయియా అనే గ్రీకు ఊరి చిన్న వెండివి చూడు, రెండు గ్రాములుంటాయి, తల్లో ద్రాక్షాకుల దండ, చాలా దొరుకుతాయి కాబట్టి కాస్త అందుబాటులో ఉంటాయి. సాక్కోస్ కావాలంటే కొరింథ్ అనే గ్రీకు ఊరి చిన్న డ్రాక్మాల మీద ప్రేమ దేవత అఫ్రొదితె ఉంటుంది, మూడు గ్రాముల లోపే.

గోల్కొండ గుర్రం:
గదంతా సరే గానీ తమ్మీ, లైసెన్సూ బిల్లూ ఉన్నోళ్ల దగ్గరనే కొను. 1972 చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికే వస్తది, రేపు నచ్చలేదని బయట దేశంల అమ్ముతా అంటే నడ్వది. ఇంకో ముచ్చట, గ్రీకోళ్ల నగర దేవతకు కోటబురుజుల కిరీటం ఉంటది గదా, అది గాంధారం దాంక వచ్చింది. ఒక బంగారు నాణెం మీద గసొంటి కిరీటమే పెట్టి పుష్కలావతి నగర దేవత అని ఖరోష్ఠి అనే పాత లిపిల రాసిన్రు.

చార్‌కమాన్ కుర్రాడు:
చూపించా. తిట్టలేదు, నవ్వారు. నీళ్లలో మూడున్నర గ్రాములు తగ్గింది, 8.3 వచ్చింది, ఇత్తడి మీద వెండి పూత అని తేల్చేశారు, అంచు మీద ఆకురాయి గీతలు కూడా ఆయనే చూపించారు. ఇప్పుడు అక్క చెప్పిన ఆంపిక్స్ ఫొటో పెద్దది చేసి చూస్తూ, దీనికి కొక్కెం వెనకుంటుందా పక్కనా అని నన్ను అడుగుతున్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.