దక్షిణ దీవి మొత్తం 14 రాత్రుల్లో చుట్టాలా, సగంతో ఆగాలా? న్యూజిలాండ్ మోటార్‌హోమ్ ప్లాన్ మీద మీ మాట కావాలి

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. నాన్న 34 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 66 ఏళ్లు. అమ్మకి 61, మోకాళ్ల నొప్పులున్నాయి. రథసప్తమి అయ్యాక, ఫిబ్రవరి చివర్లో వాళ్లిద్దరినీ, నా భార్యనీ తీసుకుని న్యూజిలాండ్ దక్షిణ దీవికి వెళ్దామని రెండేళ్లుగా డబ్బు దాస్తున్నాను. విశాఖ నుంచి సింగపూర్, అక్కడి నుంచి క్రైస్ట్‌చర్చ్. మొత్తం 14 రాత్రులు. మోటార్‌హోమ్ తీసుకోవాలన్నది మాత్రం నాన్న కోరిక, జీవితమంతా జనాన్ని ఊళ్లకి చేర్చాను, ఒక్కసారి ఇల్లుతో సహా కదిలే బండి నడపాలి అన్నారు.

నేను వేసిన రూటు ఇది: క్రైస్ట్‌చర్చ్, కైకౌరా, పిక్టన్, నెల్సన్, పునకైకి, ఫ్రాంజ్ జోసెఫ్, వనాకా, క్వీన్స్‌టౌన్, టె అనౌ, మిల్‌ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), డునెడిన్, టెకాపో, మౌంట్ కుక్, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. లెక్కేస్తే సుమారు 2,700 కిలోమీటర్లు, రోజుకి 200 చొప్పున పడుతోంది. నాకు బాగానే అనిపిస్తోంది కానీ మా బావ ఇది చూసి, నువ్వు అమ్మానాన్నల్ని తిప్పడానికి తీసుకెళ్తున్నావా, పార్సిల్ డెలివరీకా అన్నాడు. అప్పటినుంచి రాత్రుళ్లు ఇదే ఆలోచన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడు లాంతర్లు (విజయనగరం):
మొత్తం చుట్టండి. మేము నలుగురం కారులో తిరిగాం, మోటెళ్లలో దిగాం, 12 రోజుల్లో దాదాపు మీ రూటే. అలసిపోయామా అంటే అలసిపోయాం, కానీ ఈరోజుకీ ఏ ఒక్క ఊరూ అనవసరం అనిపించలేదు. వీసా, టిక్కెట్లు, బండి అద్దె అన్నీ కలిపి లక్షలు పోసి వెళ్తున్నాం, ఇది అరకు కాదు వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లడానికి. మీ నాన్నగారి వయసు 66, మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారు? రోజుకి 200 కిలోమీటర్లు ఆర్టీసీ డ్రైవర్‌కి ఒక లెక్కా? పడమటి తీరం, అంటే పునకైకి, ఫ్రాంజ్ జోసెఫ్ వైపు, మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఒకవైపు అడవి, ఒకవైపు సముద్రం, పైన మంచు కొండలు, మూడూ ఒకే కిటికీలోంచి కనబడతాయి.

సాలూరు లారీ:
మాది సాలూరు, ఇంట్లో మూడు తరాలుగా లారీలే. సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్లే రోడ్డు మీద బండి నేర్చుకున్నాను. నాన్నగారు నడపగలరా అన్న అనుమానం ఎవరైనా పెడితే పట్టించుకోకండి. అక్కడ కూడా మనలాగే ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే, అది పెద్ద సుఖం. మామూలు కారు లైసెన్స్ మీద 6,000 కిలోల వరకూ బండి నడపనిస్తారు, హెవీ అక్కర్లేదు. అయినా మన రవాణా ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది, అద్దె కంపెనీ వాళ్ల దగ్గర వాదన ఉండదు.

కాకపోతే ఒకటి. బస్సు నడిపిన మనిషికి ఎత్తైన బండి కొత్త కాదు, నిజమే. కానీ బస్సులో వెనక గిన్నెలు, గ్యాస్, నీళ్ల ట్యాంకు ఉండవు. 3,500 కిలోలు దాటిన బండికి అక్కడ 90 మించకూడదు, మామూలు బళ్లకి 100. వెనక కార్లు వరస కడితే ఖాళీ చోటు చూసి పక్కకి తీసి దారి ఇవ్వాలి, అక్కడివాళ్లు దాన్ని మర్యాదగా చూస్తారు. ఇంకా ఒక్క లేన్ వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద మన వైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే మనం ఆగాలి, ఎదుటి బండి ముందు. ఇది నాన్నగారికి బయల్దేరే ముందే బొమ్మ గీసి చూపించండి.

టెక్కలి అమ్మాయి (క్రైస్ట్‌చర్చ్):
నేను ఇక్కడికి వచ్చి 9 ఏళ్లయింది. మా ఇంటికి వచ్చే చుట్టాలందరికీ ఈ రూటు నేనే వేస్తాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి అన్నయ్యా.

మూడు లాంతర్లు గారూ, మీరు కారులో వెళ్లారు. సాయంత్రం మోటెల్ తాళం తీసి మంచం మీద పడ్డారు. మోటార్‌హోమ్‌లో రోజు అలా ముగియదు. చాలా బళ్లలో భోజనం బల్ల మడిచి దిండ్లు సర్దితేనే రాత్రికి మంచం అవుతుంది, పొద్దున్న మళ్లీ విప్పాలి. వాడిన నీళ్ల ట్యాంకు, టాయిలెట్ కాసెట్ (టాయిలెట్ కింద మురుగు చేరే పెట్టె) ఒకటి రెండు రోజులకోసారి డంప్ స్టేషన్‌లో, అంటే మురుగు పారబోసే చోట, ఖాళీ చెయ్యాలి, మంచినీళ్లు నింపుకోవాలి. కదిలే ముందు గ్యాస్ కట్టెయ్యాలి, ప్రతి అల్మరా గడియ వెయ్యాలి, లేకపోతే మొదటి మలుపులోనే పళ్లేలు కిందికి వస్తాయి. వీటికి పొద్దున్న గంటన్నర, సాయంత్రం గంట పోతుంది. మ్యాప్ మూడు గంటలు అని చూపిస్తే మీకు నాలుగున్నర. అందుకే 200 అంటే మన హైవే 200 కాదు.

ఇంకో సంగతి. ఎక్కడ పడితే అక్కడ ఆపి పడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 2023లో చట్టం మార్చారు, బండిలో బిగించిన టాయిలెట్ ఉండి, ఉందని సర్టిఫికెట్ కూడా ఉంటేనే స్థానిక కౌన్సిల్ అనుమతించిన చోట ఉచితంగా ఉండనిస్తారు. లేదంటే వందల డాలర్ల జరిమానా. పైగా ఉచిత చోట్ల కరెంటు ఉండదు. బండి బ్యాటరీ మీద లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ నడుస్తాయి కానీ రైస్ కుక్కర్ నడవదు. అమ్మగారికి అన్నం, చారు ఉండాలంటే గ్యాస్ మీద వండాలి, లేదా హాలిడే పార్కులో కరెంటు పాయింట్ ఉన్న చోటు బుక్ చెయ్యాలి. ఒక రాత్రి బయట, ఒక రాత్రి పార్కులో అని వేసుకోండి, అక్కడ వేడినీళ్ల స్నానం, బట్టలు ఉతుక్కోడానికి మెషీన్ కూడా ఉంటాయి.

మిల్‌ఫర్డ్ గురించి నా మాట వినండి. టె అనౌ నుంచి 120 కిలోమీటర్లు, ఆ రోడ్డే ఒక యాత్ర. మధ్యలో హోమర్ సొరంగం, 1.2 కిలోమీటర్లు, కొండ రాయిని తొలిచింది. 1935లో పలుగు, పారలతో మొదలుపెడితే బళ్లు నడిచేసరికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం బండి టె అనౌలో పెట్టేసి టూర్ బస్సు ఎక్కండి. మీ నాన్నగారు 34 ఏళ్లు రోడ్డునే చూశారు, కొండని చూసి ఉండరు. ఆ ఒక్క రోజైనా కిటికీ సీటు ఆయనది కావాలి.

మూడు లాంతర్లు (విజయనగరం):
చెల్లెమ్మా, గంటన్నర లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ దానికి మందు ఊళ్లు తీసెయ్యడం కాదు, మోటార్‌హోమ్ తీసెయ్యడం. కారు, మోటెల్ అయితే మొత్తం దీవి చూస్తారు, అమ్మగారి మోకాళ్లకి మంచి మంచం దొరుకుతుంది, వంట చేసుకునే గది కూడా చాలా మోటెళ్లలో ఉంటుంది. ఒక బండి మీద మోజుతో సగం దేశం వదిలేస్తారా?

ఉద్దానం కోడలు (సోంపేట):
నేను అత్తమామలతో మోటార్‌హోమ్‌లో వెళ్లాను, కాబట్టి మంచం సంగతి నేను చెప్తాను. నలుగురు పడుకునే బళ్లలో చాలావాటికి ఒక మంచం డ్రైవర్ నెత్తి మీద ఉంటుంది, నిచ్చెన ఎక్కాలి. అది మీరిద్దరూ తీసుకోవాలి. అమ్మగారికి వెనక మంచం, అదీ పగలు కూడా మడవకుండా ఉండేది దొరికితే మంచిది, అంటే ఆరుగురి బండి చూడండి. ఇల్లు విశాలంగా ఉంటుంది, బండి పొడవు పెరుగుతుంది, అద్దె పెరుగుతుంది, కానీ పెద్దవాళ్లకి రాత్రి నిద్ర ఉంటేనే పగలు కొండ కొండలా కనిపిస్తుంది. మా అత్తయ్య మొదటి మూడు రాత్రులు సరిగా పడుకోక, టెకాపో చెరువు అంత నీలంగా ఉంటే కళ్లు మూసుకుని కూర్చుంది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇన్సూరెన్స్ కాగితం తెలుగులో చదివినట్టు ఒక్కో లైనూ చదవండి. బండి పైకప్పుకి, అడుగుకి దెబ్బ తగిలితే చాలా పాలసీలు కట్టవు. మేము ఒక చెట్టు కొమ్మ కింద తీశాం, పైన గీత పడింది, డిపాజిట్‌లోంచి పెద్ద మొత్తం కోసుకున్నారు. పూర్తి కవరేజ్ అని కౌంటర్‌లో చెప్పిన మాట నమ్మి సంతకం పెట్టాం, తప్పు అక్కడే జరిగింది. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు లాంటి వాటికి అసలు అద్దె బండి ఇన్సూరెన్సే వర్తించదు.

ఆవకాయ తీసుకెళ్తే డిక్లరేషన్‌లో (వెంట ఏం తెచ్చామో అక్కడి అధికారులకి చెప్పే ఫారం) తప్పకుండా రాయండి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. రాసి చూపిస్తే ఏది పనికొస్తుందో, ఏది పడెయ్యాలో అధికారి చెప్తారు. పలాస జీడిపప్పు, పొడులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుంటే చూపించడం తేలిక.

సాలూరు లారీ:
మోజు అన్న మాట నాకు నచ్చలేదు మూడు లాంతర్లు గారూ. కారులో వెనక సీట్లో కూర్చుని మొత్తం దీవి చూడటం కంటే, ఆయన చేత్తో నడిపిన 1,500 కిలోమీటర్లు ఆయనకి ఎక్కువ. మా నాన్న ఎనభైలో ఉన్నారు, ఎక్కడెక్కడికి లోడు తీసుకెళ్లాడో చెప్తాడు కానీ ఏ ఊళ్లో ఏ గుడి చూశాడో ఒక్కటీ చెప్పడు, ఆగే టైము ఇవ్వలేదు కాబట్టి. బండి ఉండాలి, ఆగే టైము కూడా ఉండాలి. రూటు తగ్గించండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మకి, నాన్నకి చదివి వినిపించాను. నాన్న ఎక్కువ మాట్లాడలేదు, ఆ సొరంగం సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. అమ్మని నీకేం చూడాలని ఉందని అడిగితే, ఇన్నాళ్లలో నేను అడగనే లేదని అప్పుడే తెలిసింది, తిమింగలం చూడాలి అంది. అమ్మది కళింగపట్నం. చిన్నప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన తిమింగలాన్ని చూసిందట, బతికున్నది నీళ్లలో ఎలా ఉంటుందో చూడాలట. అంటే తిమింగలాలు కనిపించే కైకౌరా తీసెయ్యడానికి లేదు. టెక్కలి చెల్లీ, అక్కడికి పడవ ప్రయాణం అమ్మకి ఇబ్బందా?

టెక్కలి అమ్మాయి (క్రైస్ట్‌చర్చ్):
అయితే కైకౌరా ఖాయం అన్నయ్యా. తీరానికి దగ్గర్లోనే సముద్రం ఒక్కసారిగా చాలా లోతైపోతుంది, అందుకే స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా ఉంటాయి. క్రైస్ట్‌చర్చ్ నుంచి 180 కిలోమీటర్లే. సముద్రం బాగోకపోతే పడవ రద్దు చేస్తారు, అందుకని రెండు రాత్రులు పెట్టి మొదటి రోజుకే బుక్ చెయ్యండి, ఆగిపోతే రెండో రోజు ఉంటుంది. వాంతుల మాత్ర ఎక్కడానికి ముందే వేసుకోవాలి. అక్కడి రోడ్డు 2016 నవంబర్ భూకంపంలో కొండచరియలు పడి ఏడాదికి పైగా మూసేశారు, తర్వాత సముద్రం పక్కనే మళ్లీ కట్టారు, నాన్నగారికి ఆ పని చూపించండి.

కైకౌరా ఉంచితే పడమటి తీరం వదలాలి. మూడు లాంతర్లు గారికి కోపం వస్తుంది, నాకూ ఆ తీరం ఇష్టమే. కానీ అక్కడ వాన ఎక్కువ, గట్టిగా పడితే ఫ్రాంజ్ జోసెఫ్ నుంచి వనాకా వెళ్లే హాస్ట్ వైపు రోడ్డు మూసేస్తారు, అప్పుడు వెనక్కి తిరిగితే వందల కిలోమీటర్లు. 14 రాత్రుల్లో ఆ టెన్షన్ పెద్దవాళ్లతో వద్దు.

మూడు లాంతర్లు (విజయనగరం):
కోపం లేదమ్మా. పడమటి తీరం వదలడం తప్పనే ఇప్పటికీ అంటాను, నా అభిప్రాయం మారలేదు. కానీ తిమింగలం అమ్మగారు నోరు తెరిచి అడిగింది, దాని ముందు నేను చెప్పేది ఏమీ లేదు. మౌంట్ కుక్‌లో మాత్రం ఒక్క రాత్రి సరిపెట్టకండి. 3,724 మీటర్ల కొండ, మాకు మొదటి రోజంతా మబ్బులో దాక్కుంది, రెండో పొద్దున్న అయిదున్నరకి బయటికి వచ్చింది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మార్చిన ప్లాన్ ఇది. దిగిన రోజు బండి తీసుకోం, పది గంటల ఫ్లైటు, ఏడున్నర గంటల టైము తేడా మీద నాన్న స్టీరింగ్ పట్టకూడదని నేనే పట్టుబట్టాను. క్రైస్ట్‌చర్చ్‌లో హోటల్ 1 రాత్రి, కైకౌరా 2, తిరిగి క్రైస్ట్‌చర్చ్ దగ్గర 1, టెకాపో 2, మౌంట్ కుక్ 2, క్రామ్‌వెల్ 1, టె అనౌ 3, వనాకా 1, ఫెయిర్లీ 1. ఏ రోజూ 250 దాటదు, మొత్తం 1,800 లోపే. మిల్‌ఫర్డ్‌కి బస్సు. ఆరుగురి బండి. ఘాట్ రోడ్లు నాన్న, ఊళ్లలో పార్కింగ్ నేను. టెకాపోలో రెండు రాత్రులు ఎందుకంటే అక్కడ ఆకాశం 2012 నుంచి రిజర్వు, అంటే నక్షత్రాలు బాగా కనబడేలా చీకటిని కాపాడే ప్రాంతం, వీధి దీపాల వెలుగు కూడా పైకి పోనివ్వరు, ఒక రాత్రి మబ్బున్నా రెండోది మిగులుతుంది.

నెల్సన్, డునెడిన్, ఫ్రాంజ్ జోసెఫ్ వైపు హిమానీనదాలు ప్లాన్‌లోంచి పోయాయి. మనసులో కొంచెం ఉంది, దాచను.

ఉద్దానం కోడలు (సోంపేట):
బాగుంది. టె అనౌ, మిల్‌ఫర్డ్ దగ్గర శాండ్‌ఫ్లై అని చిన్న ఈగలు కుడతాయి, దద్దుర్లు వారం ఉంటాయి. దోమల మందు ఇక్కడిది పట్టుకెళ్లకండి, అక్కడి మందుల షాపులో దొరికేది పనిచేస్తుంది. అమ్మగారికి చీర మీద కాలికి సాక్సులు వెయ్యండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
రాసుకున్నాను అక్కా. అంతర్జాతీయ పర్మిట్‌కి సోమవారం నాన్నతో వెళ్తున్నాను, పాత లైసెన్స్ నిన్ననే బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నారు.