అప్‌డేట్: మిల్లు కెమెరాల రికార్డింగు తెగిపోవడానికి కారణం దొరికింది

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లులో 16 కెమెరాల రికార్డింగు మధ్యమధ్య తెగిపోతోందని, నెల రోజులు నిల్వ ఉండాల్సింది పదకొండు రోజులకే చెరిగిపోతోందని ఇంతకుముందు అడిగాను. రెండూ తీరాయి. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తెగిపోవడానికి కారణం హార్డ్ డిస్కులే. హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు మోడల్ నంబర్లు చూడగానే చెప్పారు, అవి ఎస్‌ఎంఆర్ రకమని. వాటిలో ట్రాకులు, అంటే డేటా రాసే వరసలు, ఇంటి పెంకుల్లా ఒకదాని అంచుపై ఒకటి ఉంటాయి. పాతది చెరిపి కొత్తది ఎడతెగకుండా రాయాల్సి వస్తే వెనకబడిపోతాయి. ట్రాకులు ఒకదానిపై ఒకటి ఎక్కని సీఎంఆర్ రకం నిఘా డిస్కులు వేయించి మూడు వారాలైంది, ఒక్క నిమిషం కూడా పోలేదు. ధాన్యం లారీ తూకం దగ్గర తగాదా వచ్చినప్పుడు ఆ నిమిషమే కావాలి మరి.

పదకొండు రోజుల సంగతి ఇక్కడ ఒకరు చూపిన లెక్కతోనే తేలింది. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) చొప్పున రోజుకు సుమారు 43 జీబీ, మొత్తం 690 జీబీ. మా పాత 8 టీబీలో పదకొండు రోజులకు మించి పట్టదు. వీడియోను మరింత కుదించే హెచ్.265 పద్ధతికి మార్చి, 2 ఎంబీపీఎస్‌కు తగ్గించి, 12 టీబీ పెట్టాం.

అంతకుముందు కేబుళ్లు, నెట్‌వర్క్ స్విచ్ మార్చిన ఖర్చు వృథా. రికార్డింగు ఫోల్డరును యాంటీవైరస్ తనిఖీ నుంచి తప్పించమన్న సలహాతో తేడా కనిపించలేదు కానీ, అలాగే ఉంచాను.