వాన పడ్డ చోట స్మాప్ లవణీయత ఆర్గో కన్నా తక్కువ: తప్పెవరిది?

ప్రశ్న:
జులై, ఆగస్టు నెలలకు బంగాళాఖాతం మధ్య భాగంలో స్మాప్ (సముద్రపు ఉప్పదనాన్ని పైనుంచి కొలిచే నాసా ఉపగ్రహం) 8 రోజుల సగటును ఆర్గో ఫ్లోట్లతో (సముద్రంలో మునిగి తేలుతూ కొలిచే పరికరాలు) పోల్చాను. వాన ఎక్కువున్న చోట స్మాప్ 0.5 పీఎస్‌యూ (లవణీయత కొలమానం) దాకా తక్కువ చూపిస్తోంది. మొత్తానికీ ఒకే బయాస్ (ఎప్పుడూ ఒకే దిశలో ఉండే తప్పు) తీసేస్తే సరిపోతుందా?

జవాబు 1:
వద్దండీ. రెండూ ఒకే నీటిని కొలవడం లేదు. 1.4 గిగాహెర్ట్జ్‌లో నీటి నుంచి వచ్చే మైక్రోవేవ్ తరంగాలను కొలిచే స్మాప్ రేడియోమీటర్‌కు అందేది పైనున్న సుమారు 1 సెంటీమీటర్ నీరే. చాలా ఆర్గో ఫ్లోట్లు సెన్సర్ పాడవకుండా దాదాపు 5 మీటర్ల లోతులోనే పంపు ఆపేస్తాయి. వాన నీరు తేలిక కనుక పైనే పలచటి పొరలా నిలుస్తుంది. గాలి సెకనుకు 3, 4 మీటర్లకు మించకపోతే ఆ పొర కొన్ని గంటలు చెదరదు. అంటే ఆ తేడాలో చాలా భాగం నిజమైన తేడాయే. బయాస్ అని తీసేస్తే నిజాన్నే తుడిచేసినట్టు.

జవాబు 2:
పైమాట నిజమే, కానీ అంతా నిజమైన తేడా కూడా కాదు. చినుకులు నీటి పైభాగాన్ని గరుకు చేస్తాయి, బ్రైట్‌నెస్ టెంపరేచర్ (రేడియోమీటర్ కొలిచే తరంగాల తీవ్రత) పెరుగుతుంది. ఉప్పు తగ్గినా అది పెరుగుతుంది కాబట్టి లవణీయత లెక్కగట్టే అల్గారిథమ్ రెండింటినీ ఒకటే అనుకుంటుంది. వాన మేఘం కింద వీచే ఈదురుగాలిని వాతావరణ మోడల్ ఇచ్చే గాలి లెక్క పట్టుకోకపోయినా ఇదే పొరపాటు, ఇదే దిశలో. అంతకుముందటి లవణీయత ఉపగ్రహం అక్వేరియస్‌లో గరుకుదనం కొలిచే రాడార్ ఉండేది. స్మాప్ రాడార్ 2015 జులైలోనే ఆగిపోయింది, అందుకే ఆ కొలత ఇప్పుడు లేదు.

ప్రశ్న వేసినవారు:
మరి విడదీసేదెలా?

జవాబు 2:
ముందు 8 రోజుల సగటు వదిలేయండి. ఉపగ్రహం ఆ చోటు మీదుగా వెళ్లే ఒక్కోసారి ఒక్కో పాస్; వాన పడ్డ పాస్‌లూ పడనివీ అందులో కలిసిపోతాయి. లెవెల్ 2 (సగటు చేయని, ఒక్కో పాస్ డేటా) తీసుకోండి. ఒక్కో పాస్‌కు ఐమెర్గ్ (నాసా ఉపగ్రహ వాన అంచనాలు) అరగంట డేటా జోడించి, ఆ క్షణపు వానతో పాటు ముందు 6 గంటల మొత్తం కూడా రాయండి. అసలు మెలిక ఇక్కడే: పాస్ సమయానికి వాన ఆగిపోయినా పొర ఉండొచ్చు. ముందు వాన ఉండి ఇప్పుడు లేని పాస్‌లలో గరుకుదనం తప్పు దాదాపు ఉండదు, కాబట్టి అక్కడ కనిపించేది ఎక్కువగా పొరే. ఐమెర్గ్ గడి 0.1 డిగ్రీ, స్మాప్ పాదముద్ర (ఒక్కసారి చూసే ప్రాంతం వెడల్పు) 40 కిలోమీటర్లు. వానను ఆ మేరకు సగటు చేయకపోతే లెక్క కుదరదు.

జవాబు 1:
ఇంకోటి. హిందూ మహాసముద్రంలో లంగరేసిన రామా బాయ్‌లకు 1 మీటరు లోతున లవణీయత ఉంటుంది, వాటితోనూ సరిచూడండి. వాన లేని పాస్‌లలో కూడా తేడా మిగిలితే అది గంగా, బ్రహ్మపుత్రల నీరు కావచ్చు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఈ అనుమానమే ముందు రావాలి.