గిన్నె ముట్టదు, బిస్కెట్ మాత్రం కావాలి: చిన్న కుక్కకి ఏం పెట్టాలి?

బన్నీ వాళ్లమ్మ, విజయవాడ:

మా బన్నీకి నాలుగేళ్లు. ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. 6 కిలోలు ఉంటుంది. పామ్ (పొమెరేనియన్) అని చెప్పి ఇచ్చారు. చిన్నప్పుడు ప్యాకెట్‌లో గింజల్లా వచ్చే డ్రై ఫుడ్ శుభ్రంగా తినేది. ఇప్పుడు గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, నా మొహం చూస్తుంది, వెళ్లి సోఫా కింద పడుకుంటుంది. బ్రాండ్ మారిస్తే కొన్నాళ్లు ఇష్టంగా తిని మళ్లీ అదే వరస. చికెన్ కలిపితే ముక్కలు ఏరుకుని గింజలన్నీ నేల మీద పెడుతుంది. పెరుగన్నం తింటుంది గానీ అదీ మా అత్తయ్య చేత్తో పెడితేనే. ఆటలకి లోటు లేదు, గేటు దగ్గర అరుపులూ మామూలే. ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగం కూడా తినట్లేదని నాకు టెన్షన్. ఏ ఫుడ్ అయితే తింటుందో చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు డాగ్స్:

గారాబం ఎక్కువైంది అక్కా, అంతే. రెండు రోజులు ఏమీ పెట్టకుండా ఊరుకోండి. మూడో రోజు గిన్నె కూడా నాకేస్తుంది. మా ల్యాబ్‌కి (లాబ్రడార్) అదే మందు.

రెండు స్పిట్జ్‌ల ఇల్లు, రాజమండ్రి:

అన్నా, ల్యాబ్ 30 కిలోల జీవి. దానికి చెల్లినట్టు దీనికి చెల్లదు.

బన్నీ వాళ్లమ్మగారూ, ఏ ఫుడ్ అన్నది తర్వాత చూద్దాం. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా బన్నీ నోట్లోకి వెళ్లినదంతా ఒక కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి. మీరు పెట్టింది మాత్రమే సరిపోదు. ఇంట్లో అందరూ పెట్టింది, పనమ్మాయి పెట్టింది, పక్కింటివాళ్లు గోడ మీంచి విసిరింది, అన్నీ రావాలి. చిన్న కుక్కల విషయంలో సగం సందేహాలు ఆ కాగితం మీదే తీరిపోతాయి.

ఇంకో మాట. మన దగ్గర పామ్ అని అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే. అసలు పామ్ 3 కిలోల లోపు ఉంటుంది. స్పిట్జ్‌లో చిన్న రకం 5 నుంచి 7 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి నెట్‌లో పామ్ చార్టులు చూసి కంగారు పడకండి.

బన్నీ వాళ్లమ్మ, విజయవాడ:

రాశానండీ. రాస్తుంటే నాకే ఆశ్చర్యమేసింది. పొద్దున టీ టైమ్‌లో అత్తయ్య మారీ బిస్కెట్లు మూడు పెడతారు. అర గ్లాసు పాలు, ప్యాకెట్ పాలే, చిక్కవి. మధ్యాహ్నం ఒక కప్పు పెరుగన్నం. సాయంత్రం మావయ్య వాకింగ్‌కి తీసుకెళ్లి ఇంకో మూడు బిస్కెట్లు. రాత్రి మేం చికెన్ వండుకుంటే కూరలో ముక్కలు మసాలా పోయేలా కడిగి పెడతాం. చపాతీ చేసిన రోజు చపాతీ. నేను గిన్నెలో పోసేది ఇవన్నీ కాకుండా.

రెండు స్పిట్జ్‌ల ఇల్లు, రాజమండ్రి:

సరే, ఇప్పుడు లెక్క వేద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. కుక్క బరువుని మూడుసార్లు వేసి గుణించండి: 6 × 6 × 6 = 216. దానికి వర్గమూలం తీయండి, వచ్చినదానికి మళ్లీ వర్గమూలం తీయండి. 3.83 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 268. ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి రోజుకి కావలసిన కేలరీలు అవి. ఆపరేషన్ అయి ఇంట్లో తిరిగే పెద్ద కుక్కకి దీనికి 1.4 నుంచి 1.6 రెట్లు అంటారు. అంటే బన్నీకి రోజు మొత్తానికి సుమారు 375 నుంచి 430.

ఇప్పుడు మీ కాగితం. మారీ ఒక్కోటి 20 పైనే, ఆరు బిస్కెట్లకి 130, 140 వేసుకోండి. చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లకి 90 దాకా. కప్పు పెరుగన్నానికి తక్కువలో తక్కువ 150. చికెన్, చపాతీ ఇంకా కలపనే లేదు, అప్పుడే రోజు కోటా అయిపోవచ్చింది. మీరు గిన్నె పెట్టేసరికి దానికి కడుపు నిండి ఉంది. సగం తింటోందంటేనే ఎక్కువ.

అందుకే తినలేదన్న దిగులు వదిలి బరువు చూడండి. మీరు దాన్ని ఎత్తుకుని వెయింగ్ మెషిన్ ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసివేస్తే చాలు. పదిహేను రోజులకోసారి రాసుకోండి. స్పిట్జ్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి కంటికి ఏమీ తెలియదు, పక్కటెముకల మీద వేళ్లు పెట్టి చూడాలి. మీ అరచేతిని చాచి, వెనకవైపు వేలితో రుద్దితే ఎముకలు ఎలా తగులుతాయో అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా గుచ్చుకుంటే చిక్కినట్టు. అరచేతి కండలా మెత్తగా ఉండి ఎముకే దొరకకపోతే లావైనట్టు. ఎక్కువమంది ఇళ్లలో దొరికేది మూడోదే.

బన్నీ వాళ్లమ్మ, విజయవాడ:

మూడోదేనండీ! కానీ అత్తయ్యని పెట్టొద్దని నేనెలా చెప్పను? బన్నీ అంటే ఆవిడకి ప్రాణం.

రెండు స్పిట్జ్‌ల ఇల్లు, రాజమండ్రి:

చెప్పొద్దు. చెప్తే మీరు వెనక్కి తిరగగానే పెడతారు. మా అమ్మ దగ్గర చూశాను కదా.

ఆవిడ చేతిలో ఉన్న వస్తువు మార్చండి చాలు. పొద్దున్నే రోజు కోటా డ్రై ఫుడ్ తూచి, అందులో గుప్పెడు తీసి ఒక డబ్బాలో వేసి అత్తయ్యగారికి ఇవ్వండి. టీ టైమ్‌లో బిస్కెట్ బదులు అవే ఒక్కోటి పెట్టమనండి. వాళ్లకి కావలసింది చేత్తో పెట్టడం, కుక్కకి కావలసింది వాళ్ల చేత్తో తినడం. మారీయే అవ్వాలని ఇద్దరిలో ఎవరికీ పట్టింపు ఉండదు. మావయ్యగారి జేబులోకీ ఇంకో గుప్పెడు. చిరుతిళ్లు రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. బన్నీకి అది 40, అంటే రెండు మారీలు కూడా పట్టవు. ఈ లెక్క ఒక్కసారి మావయ్యగారికి చెప్పి చూడండి, లెక్కలంటే మగవాళ్లకి త్వరగా ఎక్కుతుంది.

గిన్నె సంగతికొస్తే, రోజుకి రెండు పూటలు, ఒకే టైమ్, ఒకే చోటు. పెట్టి పక్కకి వెళ్లిపోండి. ముందు కూర్చుని బతిమాలితే తినకపోతేనే మీరు కూర్చుంటారని నేర్చుకుంటుంది. ఇరవై నిమిషాలు చూసి మాట్లాడకుండా తీసేయండి. పాపం అని అయిదు నిమిషాల్లో ఆమ్లెట్ వేసి ఇస్తే రేపటికి అదే గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ పెట్టేది తర్వాతి పూటకే. మొదట్లో ఒక పూట మానేయొచ్చు, నీళ్లు తాగుతూ హుషారుగా ఉంటే ఫర్వాలేదు.

డ్రై ఫుడ్‌లో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచితే వాసన పైకి లేస్తుంది. కుక్క ముందు ముక్కుతో తింటుంది, తర్వాతే నాలుకతో. చికెన్ కలపాలంటే ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించి, పీచులుగా చిదిమి, ఆ నీళ్లతో సహా గింజలకి పట్టించండి. ముక్కలుగా వేస్తే ఏరేస్తుంది మరి. ఉడికించిన గుమ్మడికాయ ఒక చెంచా కూడా బాగా నప్పుతుంది.

డాక్టర్ (పశువైద్యం), కాకినాడ:

చర్చ మంచి దారిలోనే ఉంది. కొన్ని విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి.

మొదటిది, కూర ముక్కలు కడిగి పెట్టడం. దయచేసి ఈ రోజుతో ఆపేయండి. ఉల్లి, వెల్లుల్లి రసం ముక్కలోకి ఇంకుతుంది, కడిగితే పోదు, ఉడికించినా విరగదు. అది ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. ఒంటి బరువులో 0.5 శాతం ఉల్లిపాయ ఒకేసారి లోపలికి వెళ్తే ప్రమాదం. 6 కిలోల కుక్కకి అది 30 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. కొంచెం కొంచెంగా రోజూ వెళ్లినా రక్తం తగ్గుతుంది. అలాగే పండగ రోజు పాయసం, చక్రపొంగలి పెడుతుంటారు. అందులో ఎండుద్రాక్ష ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి, ఎన్ని తింటే అవుతుందన్నది ముందుగా చెప్పలేం. చాక్లెట్ వద్దు. షుగర్ ఫ్రీ అని రాసినవి అసలే వద్దు, వాటిలో కుక్కలకి విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు. ఉడికించిన కోడి ఎముక పుల్లలుగా చీలుతుంది, అదీ వద్దు.

రెండోది, తినకపోవడం వేరు, తినలేకపోవడం వేరు. ఆకలితో గిన్నె దాకా వచ్చి వెనక్కి తగ్గుతోందంటే నోరు చూడాలి. చిన్న జాతులకి పళ్లు ఇరుకుగా ఉంటాయి, నాలుగేళ్లకే గార పట్టి చిగుళ్లు వాచడం మా దగ్గర రోజూ చూసేదే. మెత్తనివి తిని గట్టివి వదిలేయడం, ఒకవైపే నమలడం, గింజ నోట్లో పెట్టుకుని కింద పడేయడం, నోటి దుర్వాసన, వీటిలో ఏది ఉన్నా పెంకితనం అనుకోకండి. పెరుగన్నం తిని డ్రై ఫుడ్ వదిలేస్తోందన్నారు కాబట్టి ఒకసారి పెదవి ఎత్తి వెనక దవడ పళ్లు చూడండి. మాటిమాటికీ మూతి నాక్కుంటూ గడ్డి తింటుంటే కడుపులో వికారం అని అర్థం.

మూడోది, మన ప్రాంతంలో పిడుదు జ్వరం (టిక్ ఫీవర్). ఒంటికి పట్టే పిడుదు వల్ల వచ్చేది. ఏడాది పొడవునా కేసులు వస్తాయి. తిండి మానేయడమే మొదటి లక్షణం కావచ్చు. చిగుళ్లు గులాబీ రంగు పోయి పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్ల లెక్కతో సహా. కుక్కకి మామూలు వేడే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. చేత్తో తాకి జ్వరం అనుకుని మనుషుల మాత్రలు వేయకండి.

రెండు రోజుల ఉపవాసం సలహా గురించి. ఏ జబ్బూ లేని పెద్ద కుక్క ఒక పూట మానేస్తే నష్టం లేదు. పూర్తిగా ఒక రోజు ఏమీ తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నాలుగు నెలల లోపు చిన్నజాతి పిల్లలకైతే పస్తు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. చిగుళ్లకి కాస్త తేనె రాసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆపరేషన్ కాని ఆడ కుక్క ఎదకి వచ్చిపోయాక ఒకటి రెండు నెలల్లో తిండి మానేసి నీళ్లు ఎక్కువ తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి. బన్నీకి ఆ భయం లేదు, చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను.

ఓరుగల్లు డాగ్స్:

సరే డాక్టర్ గారూ, చిన్నవాటికి పస్తు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఈ ప్యాకెట్ గింజలెందుకు అసలు? మా తాత కుక్కకి జీవితాంతం పెరుగన్నమే. పదమూడేళ్లు బతికింది.

రెండు స్పిట్జ్‌ల ఇల్లు, రాజమండ్రి:

మీ తాతగారి కుక్క పెరుగన్నం తిని ఊరంతా తిరిగొచ్చేది కదా అన్నా. ఎలుకో, తొండో, బోటీ కొట్టు వెనక ఎముకో ఏదో దొరికేది. బన్నీ మూడో అంతస్తు ఫ్లాట్ దాటి పోదు. దానికి ప్రొటీన్ అయినా కాల్షియం అయినా మనం పెట్టిన దాంట్లోంచే రావాలి. ఇంటి తిండే పెట్టొచ్చు, తప్పు లేదు. కాకపోతే చికెన్, అన్నం మాత్రమే అయితే ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు సున్నా. గుడ్డు పెంకు పొడితోనో సప్లిమెంట్‌తోనో సరిచేయాలి, అది ఎంతో డాక్టర్ చేత రాయించుకోవాలి. ఆ ఓపిక లేనివాళ్లకే ప్యాకెట్.

శాకాహారం ఇల్లు, హైదరాబాద్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. షిహ్‌ ట్జూ అనే చిన్నజాతి కుక్క ఉంది, పప్పన్నం పెడుతున్నాం, అదీ సరిగ్గా తినదు.

డాక్టర్ (పశువైద్యం), కాకినాడ:

కుక్క శాకాహారం మీద బతకగలదు, పిల్లి బతకలేదు. అయితే పప్పన్నం ఒక్కటే చాలదు. పెద్ద కుక్కలకి సంపూర్ణ ఆహారం అని ప్యాకెట్ మీద రాసి ఉన్న శాకాహార డ్రై ఫుడ్లు మార్కెట్లో ఉన్నాయి, దాన్ని ప్రధానంగా పెట్టి పైన పనీర్ తురుమో పెరుగో ఒక చెంచా వేయండి. మార్పు వారం రోజుల్లో చేయండి: పావు వంతుతో మొదలుపెట్టి, సగం, ముప్పావు, ఆపైన పూర్తిగా. ఒక్కరోజులో మారిస్తే విరేచనాలు పట్టుకుని కొత్త ఫుడ్ మీదికి నింద పోతుంది.

బన్నీ వాళ్లమ్మ, విజయవాడ:

అప్‌డేట్. పెదవి ఎత్తి చూస్తే కుడివైపు వెనక పన్ను గోధుమరంగు గారతో ఉంది, చిగురు ఎర్రగా ఉంది. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్ష అయ్యాక మత్తు ఇచ్చి శుభ్రం చేస్తామన్నారు. అప్పటిదాకా నానబెట్టిన ఫుడ్ పెట్టమన్నారు. అత్తయ్య డబ్బా పద్ధతికి ఒప్పుకున్నారు గానీ మారీ ఒకటి ఆవిడ వాటా అట, వదులుకోరట.

ఇంకో సందేహం. ఈ ఎండల్లో నానబెట్టింది ఎంతసేపు ఉంచొచ్చు? పొద్దున పెట్టింది పదింటికి తింటుందేమోనని ఉంచుతుంటే చీమలు పడుతున్నాయి.

రెండు స్పిట్జ్‌ల ఇల్లు, రాజమండ్రి:

ఒక మారీ అత్తయ్యగారికి ఇచ్చేయండి, కోటాలోనే ఉంది. పాలు మాత్రం ఆపించండి.

నానబెట్టింది ఎండాకాలంలో అరగంటకి మించి బయట ఉంచొద్దు, పులిసిపోతుంది. మిగిలింది పారేయండి. పొద్దున ఆరింటికి, రాత్రి ఎనిమిదింటికి పెట్టి చూడండి, బెజవాడ వేడికి మధ్యాహ్నం దానికి ఎలాగూ తినబుద్ధి కాదు. ప్యాకెట్‌ని గాలి చొరని డబ్బాలో సంచితో సహా పెట్టండి, తేమకి కొవ్వు ముక్కిపోయిన వాసన వస్తే మంచి కుక్క కూడా ముట్టదు. చీమలకైతే గిన్నెని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి.